నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తొలివసంతపు అడవి పూలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ నెల్లూరు, ప్రకాశం అన్నచోట ఉమ్మడి జిల్లాలనే లెక్కలోకి తీసుకోండి. సూళ్లూరుపేట వైపు ప్రాంతం 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, అక్కడి మొక్కల గురించి చెప్పకుండా నెల్లూరు తీరం గురించి చెప్పడం కుదరదు.

పంచాంగం ప్రకారం వసంతం ఉగాదితో కదా మొదలయ్యేది? మాఘం నుంచే చూడమంటారెందుకు?

మాఘ, ఫాల్గుణాలు శిశిర రుతువు, ఆకు రాలే కాలం. మన కొండల్లో చాలా చెట్లకు పూత పట్టేది సరిగ్గా అప్పుడే, ఆకు రాల్చిన కొమ్మల మీద. ఉగాది దాకా ఆగితే మోదుగ, బూరుగు ఇంచుమించు పూత ముగించుకుని కాయ మీద ఉంటాయి. అందుకని సంక్రాంతి సందడి అయిపోయిన దగ్గర నుంచి చైత్రం మొదటి పక్షం వరకు, అంటే జనవరి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు కళ్లు తెరిచి ఉంచుకోవాలి.

ఇంకో సంగతి వానలది. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు తెచ్చే వాన అది. కాబట్టి తీరం వెంబడి నేలలో తడి సంక్రాంతి తర్వాత కూడా కొన్నాళ్లు నిలుస్తుంది, నేలబారు మొక్కలు ఆ తడిమీద పూస్తాయి. గిద్దలూరు, మార్కాపురం వైపు నైరుతి వానల వాటా ఎక్కువ. అక్కడ మాఘం నాటికి గడ్డి ఎండి గలగలమంటుంది, చెట్లు మాత్రం నిండుగా పూస్తాయి. తూర్పున ఉన్నవాళ్లు నేల చూసి నడవాలి, పడమట ఉన్నవాళ్లు తలెత్తి చూడాలి. మన రెండు జిల్లాల్లో పూలు వెతికేవారికి నేను మొదట చెప్పేది ఇదే.

ఆకులన్నీ రాల్చేసిన చెట్టుకు పూసే శక్తి ఎక్కడిది?

వానాకాలంలో ఆకులు తయారు చేసిన ఆహారం కాండంలో, వేళ్లలో నిల్వ ఉంటుంది. ఆకు రాల్చడం వల్ల నీరు ఆవిరైపోవడం తగ్గుతుంది. ఆకు అడ్డం లేని కొమ్మ మీద పువ్వు దూరం నుంచే పక్షులకూ తేనెటీగలకూ కనబడుతుంది. ఇప్పుడు పూస్తే ఎండాకాలం చివరికి కాయ పండి, విత్తనం తొలకరికి నేల మీద సిద్ధంగా ఉంటుంది.

ఏది ముందు పూస్తుంది, ఏది తర్వాత?

జనవరి చివర్లో నెమలినార పూస్తుంది గానీ ఆ పచ్చని చిన్న పూలను పట్టించుకునేవారు తక్కువ. తర్వాత దాని గుండ్రటి, పలుచని రెక్కకాయలు గాలికి రోడ్లన్నీ పరుచుకున్నప్పుడే చాలామంది ఆ చెట్టును గమనిస్తారు. అదే సమయంలో ఎర్రబూరుగు మొదలవుతుంది. ఫిబ్రవరిలో మోదుగ, కొండగోగు, ఊడుగ వస్తాయి. మహాశివరాత్రికి నల్లమల దారుల్లో మోదుగ మంచి ఊపు మీద ఉంటుంది. శ్రీశైలం వెళ్లే యాత్రికులు దోర్నాల దాటగానే రెండు వైపులా చూడవచ్చు. మార్చిలో గుమ్మడిటేకు, బిక్కి, ఇప్ప, వేప, తీరంలో అల్లి. ఏప్రిల్‌లో కానుగ, ఆ తర్వాత రేల, ఎర్రచందనం. తంగేడుకు మాత్రం ఈ వరుసతో పని లేదు, తడి దొరికితే ఏడాదిలో ఎప్పుడైనా పూస్తుంది.

ఈ వరుసను రాతిమీద గీతగా తీసుకోకండి. ఒకే ఊళ్లో చెరువు కట్ట మీది చెట్టుకూ గుట్ట మీది చెట్టుకూ రెండు మూడు వారాల తేడా రావడం మామూలే. మీ ఊరి వరుస మీరే తయారు చేసుకోవాలి.

ఎక్కడికి వెళితే బాగా కనబడతాయి?

నన్ను అడిగితే రైలెక్కమంటాను. గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే లైనులో మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు దాటాక దిగువమెట్ట దగ్గర రైలు నల్లమలలోకి దూరుతుంది. అక్కడి నుంచి బొగద, చెలమ మీదుగా గాజులపల్లి చేరే వరకు అడవే. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో పగటి రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే ఎండిన కొమ్మల మధ్య నారింజ రంగు కనబడిన ప్రతిచోటా మోదుగ, పసుపు కనబడిన రాతి వాలుల్లో కొండగోగు. అడవిలోకి దిగకుండా, ఎవరి అనుమతితో పని లేకుండా, ఒక్క మధ్యాహ్నంలో ఎత్తు మారేకొద్దీ పూత ఎలా మారుతుందో చూసే వీలు మరెక్కడా లేదు. ఒక్కో స్టేషను దాటినప్పుడల్లా ఏ చెట్టు ఏ దశలో ఉందో రాసుకోండి. మరుసటి ఏడాది అదే వారంలో మళ్లీ వెళితే పోల్చుకోవచ్చు.

నెల్లూరు వైపు వెలిగొండలు ఉన్నాయి. రాపూరు నుంచి చిట్వేలు వెళ్లే ఘాట్ రోడ్డు, పెంచలకోన గుడి చుట్టుపక్కల, సోమశిల దగ్గరి గుట్టలు, ఉదయగిరి దుర్గం కింది వాలులు. సీఎస్ పురం దగ్గరి భైరవకోన కూడా ఈ కొండల వరుసలోదే. గుడికి వెళ్లే మెట్లదారి, రోడ్డు అంచు చాలు, లోపలికి చొరబడాల్సిన పని లేదు.

తీరానికి మైపాడు, కొత్తపట్నం. ఇసుక మీద బాలబందితీగ ఊదా రంగు పూలతో పాకి ఉంటుంది. దాని ఆకు పశువు గిట్టలా మధ్యకు చీలి ఉంటుంది కాబట్టి పూలు లేనప్పుడు కూడా గుర్తుపట్టవచ్చు. పక్కనే గాలికి దొర్లే ముళ్ల బంతులు కనిపిస్తే అవి రావణాసురుడి మీసాలు అనే గడ్డివి. ఈ రెండూ ఇసుకను పట్టి ఉంచుతాయి, కాబట్టి వాటి మీద బండ్లు నడపకండి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు తీరంలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. రాత్రిపూట టార్చిలైట్లతో ఇసుకలో తిరగడం మానుకోవాలి.

నేలపట్టులో గూడబాతులను చూడడానికి వచ్చేవాళ్లు వేలమంది. కట్ట మీద నడుస్తూ ఒకసారి కాళ్ల దగ్గర కూడా చూడమని మనవి. శ్రీహరికోటలో అల్లి, పాల చెట్లతో నిండిన మంచి పొడి సతతహరిత అడవి ఉంది. అయితే అది అంతరిక్ష కేంద్రం పరిధి, అనుమతి లేనిదే ప్రవేశం లేదు.

మోదుగను, బాడిదను ఎలా వేరు చేయాలి?

రెండూ ఎర్రగానే ఉంటాయి, రెండూ ఆకు లేనప్పుడే పూస్తాయి, రెండిటి ఆకూ మూడు రేకులదే. దూరం నుంచి తికమక సహజం. దగ్గరికి వెళ్లి ఒక రాలిన పువ్వును చేతిలోకి తీసుకోండి.

మోదుగ పువ్వు అడుగున ముదురు గోధుమ, దాదాపు నలుపు రంగు గిన్నె ఉంటుంది. వేలితో రాస్తే మఖమలు తగిలినట్టుంటుంది. అందులోంచి అయిదు రేకులు: వెనక్కి విరుచుకున్నది ఒకటి, పక్కలకు రెండు, ఇక చివరి రెండూ కలిసిపోయి చిలుక ముక్కులా వంగి ఉంటాయి. ఆ ముక్కును మెల్లగా విప్పితే లోపల పది కేసరాలు, తొమ్మిది ఒక కట్టగా, పదోది విడిగా. రేకుల బయటి వైపు సన్నని నూగు ఉండటంతో ఎండ పడినప్పుడు కొద్దిగా వెండి ఛాయ కొడుతుంది. విస్తరాకులు కుట్టే ఆకు ఈ చెట్టుదే, కాబట్టి ఊళ్లో ఎవరిని అడిగినా చెట్టు చూపిస్తారు.

బాడిద పువ్వు ముదురు ఎరుపు. గెల కొమ్మ చివర గుత్తిగా నిలబడుతుంది. దాని పెద్ద రేకు నిలువుగా పొడుచుకుని వస్తుంది, మోదుగ లాంటి వంపు ముక్కు ఉండదు. అనుమానం తీరకపోతే కొమ్మ చూడండి. బాడిదకు ముళ్లుంటాయి, మోదుగకు ఉండవు.

ఎర్రబూరుగు సంగతి?

లేత చెట్టు కాండం మీద శంకువుల్లాంటి ముళ్లు, అరచేతిని నింపే ఎర్రటి పువ్వు, దళసరి రేకులు అయిదు. పువ్వు రేకు రేకుగా రాలదు, మొత్తంగా ఊడి దబ్బున పడుతుంది. తెల్లబూరుగు మన నేలది కాదు, బయటి నుంచి తెచ్చి పెంచినది. దానిని వేరుగా రాసుకోండి.

ఆకు లేని చెట్టు మీద పసుపు పూలు కనబడితే అది కొండగోగేనా?

ఊళ్లో, రోడ్డు పక్కన అయితే కాకపోవచ్చు. ఈమధ్య పట్టణాల్లో విరివిగా నాటుతున్న టబేబుయా కూడా ఇదే కాలంలో ఆకు రాల్చి పసుపుగా పూస్తుంది. అది దక్షిణ అమెరికా చెట్టు. దాని పువ్వు గొట్టంలా ఉండి అంచున విచ్చుకుంటుంది. కొండగోగు పువ్వుకు అయిదు రేకులూ విడివిడిగా, పళ్లెంలా తెరుచుకుని, మధ్యలో లెక్కలేనన్ని కేసరాలు ఉంటాయి. పెద్ద తేనెటీగలు దాని మీద వాలి బుయ్యిమని గట్టిగా శబ్దం చేస్తాయి. కేసరాల చివరి చిన్న రంధ్రాల్లోంచి ఆ అదురుకే పుప్పొడి రాలుతుంది. పొద్దున్నే కాసేపు చెట్టు కింద నిలబడితే ఆ చప్పుడు మారడం వినవచ్చు: ఎగురుతున్నప్పుడు ఒక స్థాయి, పువ్వును పట్టుకుని అదిలించేటప్పుడు మరో స్థాయి. చెట్టు రాతి కొండల్లో పెరుగుతుంది, పొలం గట్టున దాదాపు కనబడదు.

నేలమీది చిన్న పూలు నాకు కనబడటం లేదు. ఎందుకు?

మధ్యాహ్నం వెళుతున్నారేమో. విష్ణుక్రాంత పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతుంది. ఆ నీలిపువ్వు వెడల్పు ఒక సెంటీమీటరు కూడా ఉండదు, ముడుచుకుంటే గడ్డిలో వెతకడం కష్టం. బాలబందితీగదీ ఇదే తీరు. ఏడు నుంచి పది గంటల మధ్య వెళ్లండి, నాలుగడుగులకోసారి కూర్చుని చూడండి.

తుమ్మి మొక్క దగ్గర కూర్చుంటే మొదటి రోజే చాలా నేర్చుకోవచ్చు. శివరాత్రికి శివుడికి తుమ్మిపూలు పెడతారు కాబట్టి పల్లెల్లో అందరికీ తెలిసిన మొక్క. కణుపు కణుపుకూ కాండం చుట్టూ పచ్చని బంతి, ఆ బంతిలోంచి తెల్లటి పూలు. పైపెదవి చిన్నది, నూగుతో కప్పి ఉంటుంది. కిందిపెదవి వెడల్పుగా చాపుకుని ఉంటుంది. తేనెటీగ ఆ కిందిపెదవి మీద వాలి తల లోపలికి దూర్చగానే పైన దాగిన కేసరాలు దాని వీపుకు తగులుతాయి. ఒక్క బంతిలో అన్ని పూలూ ఒకే రోజు విచ్చుకోవు. అందుకే ఒక మొక్క వారాల తరబడి పూస్తున్నట్టే ఉంటుంది, దాని తొలిపూత తేదీ పట్టుకోవడం మోదుగ కన్నా కష్టం.

వరి కోసిన మళ్లలో బోడసరం ఊదా రంగు గుండ్రటి పూలతో కనిపిస్తుంది. ఆకు నలిపితే వాసన ఘాటుగా ఉంటుంది. బీడు నేలల్లో నేలవాకుడు ఊదా పూలు, పల్లేరు పసుపు పూలు. చెప్పులు గట్టివి వేసుకోండి.

మన నేల మొక్క ఏది, బయటి నుంచి వచ్చింది ఏది?

ఇది ముఖ్యమైన ప్రశ్న. రోడ్డు పక్కన ఎక్కువగా కనబడే పూలలో చాలా భాగం మన నేలవి కావు. వయ్యారిభామ, గడ్డిచామంతి, తలంబ్రాల మొక్క, బ్రహ్మదండి, అత్తిపత్తి, చెరువుల్లో గుర్రపుడెక్క, బీళ్లను కమ్మేసిన సర్కారు తుమ్మ, ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయినవే. ఆకు లేని కొమ్మల నిండా లేత గులాబీ రంగు పూలతో పొలం గట్ల మీద కనిపించే గిరిపుష్పం కూడా మధ్య అమెరికాదే. చూడడానికి అడవి చెట్టులా ఉంటుంది కాబట్టి చాలామంది దీన్నే ముందు ఫొటో తీస్తారు.

వీటిని చూడొద్దని నేననను. తేనెటీగలు వాటి మీదా వాలుతాయి. కానీ జాబితాలో పక్కన ‘పరాయి’ అని రాయండి. ఊడుగ, కలివి, అల్లి ఉండాల్సిన పొదల్లో తలంబ్రాల మొక్క ఎంత చోటు తినేస్తున్నదో ఏటేటా ఆ రాతల వల్లే తెలుస్తుంది. ఊరి ఉమ్మడి భూముల్లోని పొదలను పనికిరాని కంప అని జేసీబీతో ఊడ్చేస్తున్నప్పుడు, అందులో ఏమేమి ఉండేవో చెప్పడానికి ఒక కాగితమైనా ఉండాలి.

నోటుపుస్తకంలో ఏం రాయాలి?

చాలా జాతులు చూసి ఒక్కోసారి రాసే జాబితా కన్నా, ఒకే చెట్టును సీజనంతా వారం వారం చూసి రాసింది ఎంతో విలువైనది. ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో రెండో మూడో చెట్లు ఎంచుకోండి. ప్రతి వారం ఒకే రోజున చూడండి. ఆదివారం అనుకుంటే ఆదివారమే.

ప్రతిసారీ రాయాల్సినవి: తేదీ, ఏ చెట్టు, ఆకు పరిస్థితి (లేదు, రాలుతోంది, చిగురు, ముదురు), మొగ్గలు, విచ్చిన పూలు, కాయలు. మొగ్గలకూ పూలకూ కాయలకూ ‘లేవు, కొన్ని, చాలా’ అన్న మూడు మాటలు చాలు. కొమ్మ కొమ్మకూ లెక్కపెట్టబోతే మూడో వారానికే విసుగొస్తుంది. చెట్టు మీద ఏమేమి వాలాయో ఒక వాక్యం: తేనెపిట్టలా, గోరింకలా, ఉడతా, కందిరీగా. దగ్గర్లో వాన పడి ఉంటే ఆ మాట.

పువ్వు లేని వారం కూడా రాయాలి. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. ఫిబ్రవరి 8న ‘పూలు లేవు’, 15న ‘కొన్ని’ అని ఉంటేనే ఆ మధ్య వారంలో పూత మొదలైందని చెప్పగలం. 15వ తేదీ మాత్రమే ఉంటే ఆ రోజు మీరు చూశారని తెలుస్తుంది, అంతే.

తేదీ తిథుల్లో రాయనా, ఇంగ్లీషు నెలల్లో రాయనా?

ఇంగ్లీషు తేదీ తప్పనిసరి. తిథి పక్కన రాస్తే మరీ మంచిది. మన పండుగల్లో చాలా వరకు చంద్రుణ్ని బట్టి వస్తాయి. ఉగాది 2023లో మార్చి 22న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. ‘ఉగాదికి వేపపువ్వు దొరకలేదు’ అని ఇంట్లో పెద్దవాళ్లు ఒక ఏడు చెబితే, వేప ఆలస్యమైందా లేక ఉగాదే ముందుగా వచ్చిందా అని చూడాలి. ఇంగ్లీషు తేదీ ఉంటే ఆ లెక్క తేలుతుంది. పెద్దవాళ్ల జ్ఞాపకాలు మాత్రం తప్పకుండా అడిగి రాసుకోండి. పచ్చడికి వేపపువ్వు కోసం ఎవరింటికి పరుగెత్తారో, ఏ ఏడు గాలివానకు పూతంతా రాలిపోయిందో వాళ్లకు బాగా గుర్తుంటుంది.

నేను పట్టణంలో ఉంటాను, కొండలకు వెళ్లే తీరిక లేదు. ఏం చూడగలను?

వేప, కానుగ, నెమలినార ఏ వీధిలోనైనా దొరుకుతాయి. వేప మొగ్గ పట్టిన దగ్గర నుంచి చూడండి. రాత్రిపూట తేనె వాసన మొదలైన రోజును కూడా రాయండి. చెరువు కట్ట మీద ఊడుగ ఉంటే మీరు అదృష్టవంతులు. తెల్లటి సన్నని రేకులు వెనక్కి చుట్టుకుపోయి, మధ్యలో కేసరాల కుచ్చు, పది అడుగుల దూరానికే సువాసన. ఖాళీ స్థలాల్లో తుమ్మి, విష్ణుక్రాంత, జిల్లేడు ఉండనే ఉంటాయి.

పేరు తెలియని మొక్క కనబడితే?

పువ్వు ఒక్కటే ఫొటో తీస్తే ఎవరూ చెప్పలేరు. పువ్వు ఎదురు నుంచి, పక్క నుంచి, ఆకు రెండు వైపులా, ఆకు కాండానికి అతికిన చోటు, మొత్తం మొక్క, బెరడు, ఇవన్నీ తీయండి. పక్కన నాణెమో పెన్నో పెడితే సైజు తెలుస్తుంది.

తర్వాత గొర్రెలు కాసేవారిని, నల్లమల వైపు చెంచులను, వెలిగొండల వైపు యానాదులను అడగండి. వాళ్లు చెప్పిన పేరు చెప్పినట్టే రాయండి, ఏ ఊళ్లో చెప్పారో కూడా. ఒకే పేరు రెండు ఊళ్లలో రెండు మొక్కలకు ఉంటుంది, ఒకే మొక్కకు మండలం మారితే పేరు మారుతుంది. శాస్త్రీయ నామం తర్వాత చేర్చుకోవచ్చు.

ఫోను యాప్‌లు పనికొస్తాయా?

వస్తాయి. ఐనాచురలిస్ట్‌లోనూ ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనూ ఫొటో పెడితే తెలిసినవారు పేరు సరిచూస్తారు. చెట్టును వారం వారం చూసేవారికి సీజన్‌వాచ్ సరిగ్గా సరిపోతుంది. అందులో మీ చెట్టును నమోదు చేసి ఆకు, పువ్వు, కాయ పరిస్థితి పంపుతూ ఉండాలి. యాప్ తనంతట తాను చెప్పే పేరును మాత్రం వెంటనే నమ్మకండి. ఎర్రచందనం వంటి విలువైన చెట్టు అయితే స్థలం కనబడకుండా దాచే ఏర్పాటు ఐనాచురలిస్ట్‌లో ఉంది, అది తప్పక వాడండి.

పూలు కోసి నమూనాలుగా దాచుకోవచ్చా?

కోయవద్దు. రాలినవి తీసుకోండి. అభయారణ్యంలో అయితే రాలినవి కూడా అక్కడే వదిలేయండి.

అడవిలోకి వెళ్లడానికి అనుమతి కావాలా?

కావాలి. నల్లమలలో పెద్ద భాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్లడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. వెలిగొండల్లో ఎర్రచందనం దొంగరవాణా మీద నిఘా ఎప్పుడూ ఉంటుంది. పూలు చూస్తున్నామని చెప్పినా, దారి తప్పి లోపల కనబడితే సమాధానం చెప్పుకోవడం కష్టం. దగ్గరి అటవీ రేంజి కార్యాలయంలో ముందే అడగండి. ఫిబ్రవరి నుంచి కార్చిచ్చుల కాలం. బీడీ, సిగరెట్, వంట, ఏ నిప్పూ వద్దు. ఎలుగుబంట్లు ఇప్ప పువ్వు రాలే చెట్ల కిందికి వస్తాయి, అందువల్ల మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారుజామున ఇప్పచెట్ల వైపు వెళ్లకూడదు.

నా చెట్టు ఈ ఏడు పూయనే లేదు. చూసిన వారాలు వృథాయేనా?

కాదు, ‘పూయలేదు’ అన్నది పూర్తి సమాచారమే. కొన్ని చెట్లు ఒక ఏడు విరగబూసి మరుసటి ఏడు తగ్గుతాయి. కొన్నిసార్లు కొమ్మలు నరికేయడం వల్లో, ముందటి వానలు తప్పడం వల్లో పూత రాదు. కారణం మీకు తోచింది ‘అనుమానం’ అని రాసి, వరుసగా మూడు నాలుగేళ్లు అదే చెట్టును చూడండి.

ఎర్రచందనం పువ్వు ఎప్పుడు చూడవచ్చు?

ఏప్రిల్, మే నెలల్లో. పసుపు రంగు, కాస్త ముడతలు పడిన రేకులు, మంచి వాసన. అడవికి వెళ్లకుండానే, నర్సరీల్లోనో పార్కుల్లోనో నాటిన చెట్లు పూత వయసుకు వచ్చి ఉంటే అక్కడే చూడవచ్చు. మార్చి చివరి నుంచే వారం వారం వెళ్లండి, ఆ పూత ఎన్నాళ్లో నిలవదు.